మూడు వోల్టుల కథ: చక్కెర కొలిచే యంత్రం పడవ ఎక్కిన వైనం

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో ఏటా జూన్ రెండో వారం పండుగ ముందు రోజుల్లా గడుస్తుంది. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. ఆ గడువు ముగిసే వేళకు జెట్టీల వెంట నిలిచిన పడవలకు రంగులు వేయడం పూర్తవుతుంది, వలల అతుకుపని ముగుస్తుంది. ఐసు, డీజిలు, బియ్యం, మంచినీరు, ఉల్లిపాయలు ఒకటొకటిగా పడవల్లోకి చేరుతుంటాయి. పది పదిహేను రోజులు ఒడ్డు ముఖం చూడని ప్రయాణం కనుక, ఏమేమి ఎక్కించాలో ప్రతి సరంగుకూ కంఠతా వచ్చి ఉంటుంది. అలాంటి ఒక సరంగు లెక్కలో ఒక వస్తువు లేకపోయింది. అది రూపాయి బిళ్ళంత ఉంటుంది, మూడు గ్రాముల బరువు తూగుతుంది. అది లేకపోవడంలో నా తప్పే ఎక్కువ ఉన్నది కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆయనకు యాభై దాటాయి. మధుమేహం వచ్చి పన్నెండేళ్ళయింది. కాలి మీద లేచిన పుండు మానడానికి నాలుగు నెలలు పట్టిన తరువాత గాని రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ తీసుకోవడానికి ఒప్పుకోలేదు. సముద్రం మీదకు వెళ్ళేటప్పుడు ఏ పూట ఎన్ని యూనిట్లు తీసుకోవాలి, వల లాగే రాత్రి ఏమి తినాలి, చక్కెర పడిపోతే ఏమి చేయాలి అన్నీ కాగితం మీద రాసి ఇచ్చాను. గ్లూకోమీటర్ వాడడం నేర్పాను. ఆ కాగితం మీద బ్యాటరీ అన్న మాట మాత్రం రాయలేదు.

ఆ ప్రయాణంలో ఆరో రోజు మధ్యాహ్నం ఆయనకు చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమట పట్టింది. ఇంజను గది పక్కన నిలబడిన మనిషికి చెమట పట్టడం వింత కాదు గదా. అయినా అనుమానం వచ్చి మీటరు తీసి స్ట్రిప్పు దూర్చాడు. తెరమీద బ్యాటరీ బొమ్మ ఒక్కసారి మెరిసి, మీటరు ఆరిపోయింది. ఆ పడవలో విద్యుత్తుకు కొరత లేదు. పన్నెండు వోల్టుల సీసపు బ్యాటరీలున్నాయి. వాటి మీద వైర్‌లెస్ సెట్టు, జీపీఎస్, దీపాలు, అందరి సెల్‌ఫోన్ల ఛార్జర్లు నడుస్తున్నాయి. టార్చిలైట్లలో లావుపాటి సెల్లులున్నాయి. ఆ మీటరుకు కావలసిన మూడు వోల్టుల బిళ్ళ మాత్రం పడవ మొత్తంలో లేదు.

కాలి పుండు పడ్డ నాటి నుండి ఆయనకు చక్కెర పెరగడమంటేనే భయం. మధ్యాహ్నం అన్నం బాగా తిన్నాను కాబట్టి పెరిగే ఉంటుందని తనకు తానే చెప్పుకొని, కలాసీలు ఇచ్చిన తీపి టీని గంటసేపు వద్దన్నాడట. మాట తడబడడం మొదలయ్యాక, ఇంట్లో తల్లికి ఇదే జబ్బున్న వంటవాడు గుర్తుపట్టి, బలవంతంగా చక్కెర నీళ్ళు తాగించాడు. అప్పటికి ఇంకా మింగగలిగే స్థితిలో ఉన్నాడు కాబట్టి కథ అక్కడితో మంచిగా ముగిసింది. వేట మధ్యలో ఆపి పడవ వెనక్కి తిప్పారు. ఆ నష్టం ఎంతో ఆయన నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

ఆశ్చర్యం కలిగించింది తరువాత జరిగిన సంగతి. ఆయన మీటరు తెచ్చి నా బల్లమీద పెట్టి స్ట్రిప్పు దూర్చగానే అది చక్కగా వెలిగింది! పాపం, తాను అబద్ధమాడుతున్నానని నేను అనుకుంటానేమోనని ఆయన ముఖం చిన్నబోయింది. ఈ మర్మం విప్పడానికి నాకు వైద్యం చాలలేదు. కొంచెం చరిత్ర, ఉక్కు కర్మాగారంలో యంత్ర పరికరాల విభాగంలో పనిచేసి విరమించిన ఒక మిత్రుడి సాయం కావలసి వచ్చింది. ముందు చరిత్ర చెబుతాను. చక్కెర కొలత రోగి చేతికి రావడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందో తెలిస్తే, ఆ బిళ్ళ విలువ కూడా తెలుస్తుంది.

గ్లూకోమీటర్ చరిత్రను సాధారణంగా రసాయనాల చరిత్రగా చెబుతారు. నిజానికి అందులో సగం శక్తి చరిత్ర. కొలవడానికి అవసరమైన వేడి, వెలుగు, విద్యుత్తు ఎక్కడ నుండి వస్తాయన్నదే ఆ కొలత ఎవరి చేతిలో ఉండాలో నిర్ణయించింది.

మన పూర్వ వైద్యులు మధుమేహాన్ని మూత్రపు తీపిని బట్టి, దానికి పట్టే చీమలను బట్టి గుర్తించారు. 1776లో ఇంగ్లండులోని లివర్‌పూల్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్ రోగి మూత్రాన్ని ఇగిర్చి, మిగిలిన పొడి చక్కెరేనని చూపించాడు. ఆ తరువాత పెద్ద అడుగు బెనెడిక్ట్ ద్రావణం. అమెరికా రసాయన శాస్త్రవేత్త స్టాన్లీ బెనెడిక్ట్ దానిని 1908లో ప్రకటించాడు. నా తరం వైద్యులందరికీ ఆ నీలిరంగు ద్రావణంతో అనుబంధం ఉంది. పరీక్షనాళికలో అయిదు మిల్లీలీటర్ల ద్రావణం, ఎనిమిది చుక్కల మూత్రం, కింద స్పిరిట్ దీపం. మరిగిన తరువాత నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరకు ఇటుక రంగు వచ్చాయంటే చక్కెర అంతకంతకూ ఎక్కువ. కింగ్ జార్జి ఆస్పత్రి, దాని పక్కనున్న వైద్య కళాశాల రెండూ 1923లో మొదలైనవి. అప్పటికి ఇన్సులిన్ మనిషికి ఇచ్చి ఏడాదే అయింది. అక్కడి నుండి దశాబ్దాలపాటు మన ఆస్పత్రుల వార్డుల్లో ఇన్సులిన్ మోతాదు చాలావరకు ఆ రంగుల మీదే ఆధారపడి నడిచింది.

ఆ పరీక్షలో ఒక సౌలభ్యం ఉంది, ఒక ప్రమాదం ఉంది. స్పిరిట్ దీపం ఉంటే చాలు, ఇంట్లోనే చేసుకోవచ్చు. తుఫాను వచ్చినా, కరెంటు పోయినా దీపానికి అడ్డు లేదు. కాని మూత్రంలో చక్కెర కనబడేది రక్తంలో అది సుమారు 180 మిల్లీగ్రాములు దాటిన తరువాతే. నీలిరంగు చూసి చక్కెర 150 ఉందో 50 ఉందో ఎవరూ చెప్పలేరు. మన సరంగుకు ఆ రోజు అవసరమైన సమాధానం ఆ నాళిక ఎన్నటికీ ఇవ్వలేదు.

రక్తంలో చక్కెర కొలిచే పద్ధతులు లేకపోలేదు. హార్వర్డ్‌లో ఓటో ఫోలిన్, హ్సియన్ వూ కలిసి 1919-20 ప్రాంతంలో రూపొందించిన పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఆ ఫోలిన్ విభాగంలోనే సైరస్ ఫిస్కెతో కలిసి పనిచేసి, 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతిని ప్రచురించారు. రంగు లోతును బట్టి మోతాదు తెలుసుకోవడం ఆ కాలపు గొప్ప విద్య. అయితే దానికి సిర నుండి తీసిన రక్తం, ప్రయోగశాల, తర్ఫీదు పొందిన మనిషి, కొన్ని గంటల ఓపిక కావాలి. ఉదయం తీసిన రక్తం ఫలితం మధ్యాహ్నం చేతికి వస్తే, అది ఉదయం సంగతి చెబుతుంది గాని ఇప్పటి సంగతి చెప్పదు.

1960ల మధ్యలో అమెరికాలోని ఏమ్స్ సంస్థ డెక్స్‌ట్రోస్టిక్స్ అనే కాగితపు పట్టీని తెచ్చింది. దానిమీద ఒక పెద్ద రక్తపు చుక్క వేసి, సరిగ్గా 60 సెకన్లు ఆగి, నీటితో కడిగి, వచ్చిన నీలిరంగును డబ్బామీది రంగుల వరుసతో పోల్చి చూడాలి. అంటే కొలిచే యంత్రం మనిషి కన్ను. గదిలో వెలుగు మారితే అంకె మారేది, చూసే మనిషి మారితే అంకె మారేది. చూపు దెబ్బతినే జబ్బున్నవారికి కంటితో రంగులు పోల్చుకొమ్మని చెప్పడంలోని వైపరీత్యాన్ని పాఠకులే గ్రహించగలరు.

కంటి పనిని యంత్రానికి అప్పగించినవాడు అదే సంస్థలోని ఇంజనీరు ఆంటన్ క్లెమెన్స్. పట్టీ మీదకు కాంతి పంపి, తిరిగి వచ్చిన కాంతిని కొలిచి, ముల్లు ద్వారా చక్కెర అంకెను చూపే ఏమ్స్ రిఫ్లెక్టెన్స్ మీటర్ 1970లో అమ్మకానికి వచ్చింది. చేతిలో పట్టే వస్తువే గాని బరువు 1.2 కిలోలు. ఆ బరువులో చాలా భాగం దాని పెట్టెది, అందులోని సీసం-ఆమ్లపు బ్యాటరీలది. మన మరపడవల్లో ఇంజను తిప్పేది ఏ జాతి బ్యాటరీయో, మొదటి గ్లూకోమీటరును నడిపిందీ ఆ జాతి బ్యాటరీయే. ఎప్పటికప్పుడు ఛార్జి చేసుకోవాలి. ధర వందల డాలర్లలో ఉండేది. దానిని వైద్యులకూ ఆస్పత్రులకూ తప్ప రోగులకు అమ్మేవారు కారు.

ఈ నిబంధనను దాటినవాడి కథ వైద్య విద్యార్థులందరూ తెలుసుకోదగినది. రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే అమెరికన్ ఇంజనీరుకు పన్నెండో ఏట నుండి మధుమేహం. ఈ మీటరు ప్రకటన చూసి కొనబోతే, రోగివి కాబట్టి అమ్మమన్నారు. ఆయన భార్య వైద్యురాలు. ఆమె పేరు మీద తెప్పించుకొని, రోజుకు అయిదారుసార్లు తన రక్తాన్ని తానే పరీక్షించుకొంటూ, ఆహారం, ఇన్సులిన్ తన శరీరం మీద ఎలా పనిచేస్తున్నాయో ఇంజనీరు పద్ధతిలో పట్టుకున్నాడు. వైద్య పత్రికలు ఆయన వ్యాసాన్ని వేసుకోలేదు. వైద్యుడు కాని వాడి మాట ఎవరూ వినరని తెలుసుకొని, నలభై అయిదో ఏట వైద్య కళాశాలలో చేరాడు. వైద్యుడై, తొంభై ఏళ్ళు జీవించి 2025లో కన్నుమూశాడు. ఆయన చెప్పిన ఆహార నియమాలన్నింటితో నేను ఏకీభవించను. కాని కొలత రోగి చేతిలో ఉండాలని మొదట నిరూపించినవారిలో ఆయన ఒకడన్న విషయంలో నాకు సందేహం లేదు.

1970ల ఆరంభంలో జపానులో తయారైన ఐటోన్ అనే మీటరు వచ్చింది. బరువైన బ్యాటరీలు తీసివేయడం వలన తేలికైంది, చవకైంది. అయితే బ్యాటరీ లేదు కాబట్టి గోడ ప్లగ్గుకు తగిలించాలి. బరువు తగ్గించి, రోగిని గోడకు కట్టివేశారన్నమాట! 1978లో లండన్, నాటింగ్‌హామ్ వైద్యులు రోగులు ఇళ్ళలో తామే రక్తపు చక్కెర కొలుచుకోగలరని లాన్సెట్ పత్రికలో ప్రకటించినప్పుడు, ఆ రోగుల ఇళ్ళలో కరెంటు నిలకడగా ఉండేది. మన దగ్గర వోల్టేజీ ఎక్కి దిగే ఆ రోజుల్లో, కరెంటే లేని పల్లెల్లో, అలాంటి పరికరం ఉపయోగమెంత? సముద్రం మీద పడవలో దానిని ఊహించనే లేము.

1980లో వచ్చిన డెక్స్‌ట్రోమీటరు బ్యాటరీ మీదా గోడ కరెంటు మీదా కూడా పనిచేసేది. ముల్లు పోయి అంకెల తెర వచ్చింది. బయటివారికి చిన్నగా కనిపించే ఇలాంటి మార్పులే మలుపులు. చేతి గడియారాల కోసం, జేబు కాలిక్యులేటర్ల కోసం అభివృద్ధి అయిన ద్రవస్ఫటికపు తెర నామమాత్రపు విద్యుత్తుతో అంకెలు చూపగలదు. వెలుగునిచ్చే పనిని చిన్న ఎల్‌ఈడీలు తీసుకున్నాయి. ఇక మిగిలింది చిన్న బ్యాటరీ.

ఆ చిన్న బ్యాటరీ చేపల వేట నుండి వచ్చిందంటే నమ్మగలరా? నాకు ఈ సంగతి తెలిసి ఎన్నో ఏళ్ళు కాలేదు. లిథియం అతి తేలికైన లోహం. దానితో చేసిన సెల్లు మూడు వోల్టులిస్తుంది, ఏళ్ళ తరబడి పాడుకాదు. అయితే లిథియం నీటితో తీవ్రంగా చర్య జరుపుతుంది కాబట్టి దానిని ఇంటి వస్తువుగా మార్చడం కష్టమైంది. 1970ల ఆరంభంలో జపానుకు చెందిన మత్సుషిత సంస్థ, నేటి పానసోనిక్, లిథియం, కార్బన్ ఫ్లోరైడులతో సెల్లును సాధించింది. దానిని మొదట అమ్మిన వాడుకల్లో ఒకటి రాత్రిపూట గాలం వేసేవారు నీటిమీద వదిలే బెండుకు దీపం. బెండు మునిగితే దీపం మునుగుతుంది, చేప పడిందని తెలుస్తుంది. 1970ల మధ్యలో శాన్యో సంస్థ కార్బన్ ఫ్లోరైడుకు బదులు మాంగనీస్ డయాక్సైడు వాడి చవకైన సెల్లు చేసింది. అది మొదట కాలిక్యులేటర్లలోకి వెళ్ళింది. మన మీటర్లలో ఉండే సీఆర్ 2032 ఈ రెండో జాతిది. ఆ పేరు మంత్రం కాదు. సీ అంటే లిథియం, మాంగనీస్ డయాక్సైడుల జంట, ఆర్ అంటే గుండ్రన, 20 అంటే అడ్డంగా 20 మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. 2025 అన్న సెల్లు కొంచెం పలచన. దానిని 2032 స్థానంలో పెడితే అంటీ అంటనట్లు ఉండి ఇబ్బంది పెడుతుంది.

1987లో ఆక్స్‌ఫర్డ్, క్రాన్‌ఫీల్డ్ శాస్త్రవేత్తల పరిశోధన ఫలితంగా ఎగ్జాక్‌టెక్ అనే కలం ఆకారపు మీటరు వచ్చింది. అందులో రంగు లేదు, దీపం లేదు. స్ట్రిప్పు మీది ఎంజైము గ్లూకోజు నుండి ఎలక్ట్రాన్లను తీసి ఇస్తుంది. మీటరు ఒక వోల్టు కన్నా తక్కువ పీడనంతో వాటిని లాగి, వచ్చిన అతి స్వల్పమైన కరెంటును లెక్కిస్తుంది. నేడు మనం వాడే మీటర్లలో అధిక భాగం ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి. స్పిరిట్ దీపంతో మొదలైన శక్తి అవసరం ఇక్కడికి వచ్చేసరికి ఒక బిళ్ళలోకి ఇమిడిపోయింది. మీటరు జేబులోకి, జేబు పడవలోకి వెళ్ళగలిగింది.

ఇప్పుడు సరంగు మీటరు మర్మం. ఆయన చెప్పిన సంగతులన్నీ మళ్ళీ అడిగి తెలుసుకున్నాను. ఇన్సులిన్ చల్లగా ఉండాలని నేనే చెప్పాను. ఆయన ఇన్సులిన్, సూదులు, స్ట్రిప్పుల డబ్బా, మీటరు అన్నీ ఒకే సంచిలో కట్టి, చేపల కోసం తెచ్చిన ఐసు పక్కన పెట్టెలో పెట్టుకున్నాడు. సామాను చెదిరిపోకుండా ఉండాలనే జాగ్రత్త అది. నా మిత్రుడు ఆ సెల్లును తీసి కొలిచాడు. ఊరికే కొలిస్తే 2.9 వోల్టులు, అంటే పైకి ఆరోగ్యంగానే ఉంది. తరువాత దానిని గంటసేపు ఐసు డబ్బాలో ఉంచి, ఒక చిన్న నిరోధకం తగిలించి కొలిస్తే 2.4కు పడిపోయింది. కొంత వాడిన సెల్లు చలికి గురైతే దాని లోపలి నిరోధం పెరుగుతుంది. మీటరు ఒక్క క్షణం ఎక్కువ కరెంటు అడిగేసరికి వోల్టేజీ కుప్పకూలుతుంది. అది చూసి మీటరు బ్యాటరీ బొమ్మ వేసి ఆరిపోతుంది. నా బల్లమీద గది వెచ్చదనానికి అదే సెల్లు మళ్ళీ కోలుకుంది. ఆ రోజు పడవలో మీటరును పది నిమిషాలు పొడిబట్టలో చుట్టి జేబులో ఉంచుకుంటే బహుశా పనిచేసి ఉండేది. ఆ మాట ఆయనకు చెప్పవలసినవాడిని నేను.

మీటరు అలా ఆరిపోవడం లోపం కాదు. వోల్టేజీ చాలనప్పుడు తప్పు అంకె చూపడం కంటే ఏ అంకే చూపకపోవడం మేలని ఆధునిక మీటర్లను అలా రూపొందించారు. తప్పు అంకెను నమ్మి ఇన్సులిన్ వేసుకున్నవాడికి జరిగే కీడు ముందు ఖాళీ తెర ఎంతో నయం. చిక్కంతా లిథియం సెల్లు స్వభావంలో ఉంది. పాతకాలపు టార్చిలైటు సెల్లు అరిగే కొద్దీ వెలుగు మసకబారుతూ ముందే హెచ్చరించేది. లిథియం సెల్లు దాదాపు చివరి దాకా మూడు వోల్టుల దగ్గరే నిలబడి, ఆఖరున ఒక్కసారిగా జారిపోతుంది.

సెల్లు వెయ్యి పరీక్షలకు వస్తుందని చాలా మీటర్ల పుస్తకాల్లో రాసి ఉంటుంది. రోజుకు మూడుసార్లు చూసుకునేవారికి అది పదకొండు నెలలు. మరి నెలకు రెండుసార్లు చూసుకునే మా పొరుగింటి పెద్దావిడ మీటరు సెల్లు ఏడాదికే ఎందుకు అయిపోయింది? మీటరు నిద్రపోతున్నప్పుడు కూడా లోపలి గడియారం నడుస్తూనే ఉంటుంది. ఈ సెల్లు సామర్థ్యం సుమారు 220 మిల్లీ ఆంపియర్ గంటలు. నిద్రలో మీటరు 5 మైక్రో ఆంపియర్లు తాగితే సెల్లు అయిదేళ్ళు రావాలి. ఏదో లోపంతో 50 తాగితే ఆరు నెలలకే అయిపోతుంది. తెర వెనుక దీపం, బీప్ శబ్దం, ఫోనుకు అంకెలు పంపే బ్లూటూత్, ఇవన్నీ ఆ వెయ్యిలో కోత పెడతాయి. స్ట్రిప్పు దూర్చి అలాగే వదిలేయడం ఇంకొకటి. దుకాణాల్లో సీసాలో గలగలలాడే విడి సెల్లులు కొనకండి. ఒకదానికొకటి తగిలి అక్కడే సగం ఖాళీ అయిపోతాయి. హార్బర్ పరిసరాల్లో ఉప్పుగాలి సంగతి వేరే చెప్పాలి. మీటరు లోపల సెల్లును తాకే రేకుల మీద తెల్లగానో పచ్చగానో పొర పడితే కొత్త సెల్లు వేసినా వెలగదు. పొడి గుడ్డతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది.

బ్యాటరీ ఎంత విలువైనదో ఈ నగరం మొత్తం ఒకసారి చూసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. స్తంభాలు కూలిపోయి చాలా పేటలకు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. మా వీధిలో ప్రయోగశాల తలుపులు మూసే ఉన్నాయి. ఫ్రిజ్‌లోని ఇన్సులిన్‌ను తడిగుడ్డ చుట్టిన మట్టికుండల్లోకి మార్చుకొమ్మని అందరికీ చెప్పాము. అప్పుడు నా దగ్గరున్న ఒక్క మీటరు వీధి మీటరైంది. ప్రతివారికీ కొత్త సూది వాడాము. స్ట్రిప్పులు అయిపోతాయని భయపడ్డాము గాని, అంతకన్నా ముందు నాలుగో రోజున సెల్లు అయిపోయింది. తెరిచిన దుకాణం లేదు. చివరకు ఒక కుర్రవాడు తన ఇంటి కంప్యూటరు విప్పి, లోపల గడియారం కోసం ఉండే సెల్లు ఊడదీసి తెచ్చాడు. అదీ 2032వే! కరెంటు లేని ఊళ్ళో కంప్యూటరు గుండె తీసి మీటరుకు పెట్టాము. అది మరో వారం నడిచింది.

ఆ సెల్లు మార్చినప్పుడు నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. సెల్లు తీయగానే చాలా మీటర్ల గడియారం మొదటికి వస్తుంది. నేను తేదీ, సమయం సరిచేయలేదు. తరువాత ఒకాయన అంకెలు చూసి, తెల్లవారుజామున మూడింటికి చక్కెర 260 ఉందనుకొని, రాత్రి ఇన్సులిన్ పెంచబోయాను. అది మధ్యాహ్నం భోజనం తరువాతి అంకె అని ఆయన భార్య చెప్పకపోతే పెంచేసేవాడిని.

సముద్రం మీదకు వెళ్ళేవారికి, ఏజెన్సీ గ్రామాల్లో ఉండేవారికి నేనిప్పుడు మరో సలహా ఇస్తున్నాను. వీలైతే రిమోట్లలో వాడే ట్రిపుల్ ఏ సెల్లులతో నడిచే మీటరు ఎంచుకోండి. కొంచెం లావుగా ఉంటుంది, కాని ఆ సెల్లు ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. ఛార్జి చేసుకునే మీటర్లు ఫోను ఛార్జరు ఉన్న పడవకు పనికివస్తాయి, తుఫాను రోజుల్లో కష్టం. చర్మానికి అంటించుకునే సెన్సార్లలో బ్యాటరీ లోపలే ఉంటుంది. పది, పద్నాలుగు రోజులకు సెన్సారుతో పాటు దానినీ పారవేయాలి. అంకె చూడడానికి ఫోను వాడేవారికి ఫోనులో ఛార్జి లేకపోతే అదీ గుడ్డిదే. మన నగరంలోనే 2018లో ప్రారంభమైన మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు తయారవుతున్నాయి. ఉప్పుగాలికి తట్టుకునే బ్యాటరీ అర ఉన్న మీటరును ఈ తీరంలోనే ఎవరైనా తలపెడితే బాగుండునని నా ఆశ.

విడి సెల్లు ఇంట్లో ఉంచుకోండి, కాని పసిపిల్లలకు అందకుండా ఉంచండి. ఈ 20 మిల్లీమీటర్ల బిళ్ళ పిల్లవాడి అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిన గాయం చేయగలదు. మింగినట్లు అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా నేరుగా ఆస్పత్రికి పరుగెత్తాలి. దాని మీద మరొక వ్యాసం రాస్తాను.

మీటరు పనిచేయనప్పుడు ఏమి చేయాలో సరంగుకు ఇప్పుడు కాగితం మీద మొదటి పంక్తిలో రాసి ఇచ్చాను. వణుకు, చెమట, ఆకలి, చికాకు, మాట తడబాటు కనిపిస్తే కొలత కోసం ఆగవద్దు. మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే మళ్ళీ తాగాలి, ఆ తరువాత అన్నం తినాలి. అప్పటికి చక్కెర నిజంగా ఎక్కువగా ఉన్నా ఆ మూడు చెంచాలతో మునిగిపోయేదేమీ లేదు. తక్కువగా ఉన్నప్పుడు తాగకపోతే ప్రాణం మీదకు వస్తుంది. స్పృహ లేనివాడి నోట్లో మాత్రం ఏదీ పోయవద్దని కలాసీలకు కూడా చెప్పమన్నాను. ఇన్సులిన్ ఐసుకు నేరుగా తగలకూడదు, గడ్డకడితే పనికిరాదు. మీటరు, స్ట్రిప్పులు దానికి దూరంగా, మూత గట్టిగా బిగిసే పొడి డబ్బాలో ఉండాలి.

ఈ ఏడాది నిషేధం ముగియడానికి రెండు రోజుల ముందు ఆయన వచ్చి తన డబ్బా తెరిచి చూపించాడు. మూత లోపలివైపు రెండు సెల్లులు, అట్టల్లోంచి తీయకుండా, గాయాలకు వేసే ప్లాస్టరుతో అంటించి ఉన్నాయి. పక్కన కొన్న తేదీ పెన్నుతో రాసి ఉంది. జపాను గాలం బెండు దీపం సంగతి చెప్పాను. ఆయన పెద్దగా నవ్వి, "అయితే ఇదీ ఏటగాళ్ళ సామానేనేటి బాబూ!" అన్నాడు. తరువాత, అలాంటి దీపపు బెండు ఇక్కడ ఎక్కడైనా దొరుకుతుందా, ఎంతవుతుంది అని అడిగాడు. కనుక్కొని చెబుతానన్నాను.